గుర్రానికి ఎద్దు మాటలు

గల్ఫ్‌లో పనిచేసేవాడికి శుక్రవారం నిద్ర రోజు. బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసుకుని, మిగిలిన పొద్దంతా కాళ్లు బారజాపి పడుకుంటాడు. క్యాంపుల్లో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నాకు మాత్రం బహ్రెయిన్‌లో ఆ చలికాలమంతా శుక్రవారం నిద్ర దక్కలేదు. గుర్రాలెక్కి వచ్చి అడవిని బాగుచేసేవాళ్లు నా పాలిట పడ్డారు.

అడవి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మేముండే నువైద్రాత్ పక్క ఖర్జూరపు తోటలు దాటి, పెద్ద రోడ్డు కింది నుంచి అవతలికి పోతే, ఉప్పునీళ్లలో నడుములోతు నిలబడ్డ మడచెట్లు కనిపిస్తాయి. మా ఊరి గుట్ట మీది చెట్లు చూసి పెరిగినవాడికి అది చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ దీవిలో చెట్టే కరువు కాబట్టి, ఉన్న కాస్త పచ్చదనం మీద వాళ్లకు ప్రాణం. అది సర్కారు జాగా, అందరిదీ. తోటల్లోంచి అక్కడిదాకా ఒక పాత బాట ఉంది. ఎవరూ పట్టించుకోక అది తుమ్మకంపతో, చెత్తతో పూడుకుపోతుంటే, కంచె వేసి మూసేద్దామని పైవాళ్లు అనుకున్నారట. గుర్రాలవాళ్లు పోయి, ఈ ఒక్క చలికాలం మాకు వదిలిపెట్టండి, మేము బాగుచేసి చూపిస్తాం అని ఒప్పించుకున్నారు. ప్రతి శుక్రవారం బాట మీద గుర్రాలు నడవాలి, చెత్త బయటికి రావాలి. ఒక్క వారం తప్పినా కంచె పడుతుంది. కంచె స్తంభాలు అప్పటికే తెచ్చి రోడ్డు పక్కన పేర్చి ఉన్నాయి.

వీళ్లను ఏమంటారని మా డ్రైవర్ భాయ్‌ని అడిగాను. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. గుర్రాలను ఎక్కించుకుపోయే లారీ నడుపుతాడు. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడూ వచ్చు కాబట్టి మా అందరి మధ్యా నోరు ఆయనదే.

"వాలంటీర్లు అంటరు భాయ్. ఎవ్వలు జబర్దస్తీ చెయ్యకున్నా, ఇష్టంతోని పనిజేసెటోళ్లు."

"మరి నన్నేమంటరు?"

"నిన్నా? నిన్ను డ్యూటీ అంటరు," అన్నాడు.

నేను పనిచేసే గుర్రాల కొట్టం ఆ బాట మొదట్లోనే ఉంది. మా కఫీల్, అంటే నా వీసా యజమాని, వయసు మళ్లిన మనిషి. చెడ్డవాడు కాదు. అన్నం దగ్గర, జ్వరం వస్తే మందు దగ్గర ఎన్నడూ లోటు చెయ్యలేదు. శుక్రవారం మాత్రం నాక్కూడా సెలవని ఆయనకు తట్టేది కాదు. గుర్రాలవాళ్లకు పెద్దదిక్కు ఒక బడి టీచరమ్మ. ఆ ఊరి మనిషే, నలభై దాటిన ఆవిడ. మేడం అనేవాళ్లం. తెల్లారేసరికి తన గుర్రంతో వచ్చేది. వెనక ఇంకో నలుగురైదుగురు. ఇంత పొద్దున్నే అంత నవ్వు మొహాలు ఎట్లా వస్తాయో నాకు అర్థమయ్యేది కాదు. ఆరు రోజులు ఆఫీసుల్లో చల్లగా కూర్చున్నవాళ్లకు ఏడో రోజు చెమట ముద్దుగానే ఉంటుంది. నాకు ఆరు రోజుల చెమట ఒంటి మీద ఉండగానే ఏడోది మొదలయ్యేది.

పని మామూలు పని కాదు. ఖర్జూరపు మట్టలు బాట మీద పడి ఎండిపోతాయి. వాటి మొదట్లో వేలెడు ముళ్లు. గుర్రం డెక్కలో దిగితే ఆ గుర్రం నెల రోజులు మూల కూర్చుంటుంది. అవన్నీ ఏరాలి. ఇంకోపక్క తుమ్మ. మా జగిత్యాల దిక్కు చెరువు కట్టలనిండా ఉండే సర్కారు తుమ్మే అక్కడా ఉంది. సముద్రం దాటిపోయినా ఇది నన్ను వదల్లేదని మొదటిరోజు దాని ముందు నిలబడి తిట్టుకున్నాను. నరికిన నెలకే మళ్లీ చిగురేస్తుంది. ఇక సముద్రం ఒడ్డుకు పోతే, చేపలు పట్టి పారేసిన ఇనుప తీగ బుట్టలు తుప్పుపట్టి బురదలో సగం కూరుకుని ఉంటాయి. వాటిని పీకి, మడిచి, గోనె సంచుల్లో కుక్కాలి. అక్కడికి బండి పోదు. సంచులు గుర్రం వీపు మీదే బయటికి రావాలి.

ఆ సంచులు మోసేది మా కొట్టంలోని తెల్ల గుర్రం. ఆడది. మొత్తం కథ దాని చుట్టే తిరిగింది.

నేను ఆ దేశానికి పోయింది బిల్డింగ్ పనికి. అక్కడ పని అయిపోయాక ఎవరో చెబితే ఈ కొట్టంలో చేరాను. అంతకుముందు గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో చూడటమే తప్ప ముట్టుకుని ఎరగను. నాకు తెలిసింది ఎద్దులు. మా నాయిన నాగలి పట్టి, ఆయన తర్వాత నేను పట్టి, ట్రాక్టర్లు వచ్చేదాకా ఎద్దులతోనే బతికినవాళ్లం. నేను చేరిన కొత్తలో ఆ తెల్ల గుర్రం ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అంతకుముందు ఎవరి దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నదో, మనిషి కనిపిస్తే చెవులు వెనక్కి మడిచి పళ్లు చూపేది. నేను మా ఇంట్లో బెదురు కోడెను మాలిమి చేసినట్టే చేశాను. దానికి వీపు పెట్టి నేల మీద కూర్చునేవాణ్ని. చెయ్యి వెనక్కి చాపి, అరచేతిలో ఖర్జూరాలు పెట్టుకుని, దానివైపు చూడకుండా ఊరకే ఉండేవాణ్ని. తిరిగి చూశామా, అంతే, మొదటికొస్తుంది. కొన్నాళ్లకు అరచేతికి వెచ్చటి ఊపిరి తగిలింది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ దేశంలో నా దగ్గరికి తనంతట తానుగా వచ్చిన మొదటి ప్రాణి అది.

మాలిమి అయ్యాక దానితో మాట్లాడాలి కదా. నాకొచ్చిన మాటలతోనే మాట్లాడాను. నడవమంటే "పా బిడ్డ". ఆగమంటే "హో". ఎడమకైతే "దాపటికి", కుడికైతే "వలపటికి". తిన్నగా పొమ్మంటే "సాలు పట్టు". అది చక్కగా నేర్చుకుంది. గుర్రమని నాకే అప్పుడప్పుడు గుర్తుండేది కాదు.

బాట మధ్యలో పెద్ద రోడ్డు అడ్డం వస్తుందని చెప్పాను కదా. దాని కింద వాన నీళ్లు పోయే తూము ఉంది. గుర్రం దిగి, తల వంచుకుని, పగ్గం పట్టుకుని నడిపించాలి. లోపల చీకటి, చీలమండ దాకా నీళ్లు, నెత్తి మీద లారీలు పోతుంటే గోడలు దద్దరిల్లుతాయి. మొదటి శుక్రవారం ఏ గుర్రమూ లోపల కాలు పెట్టలేదు. మేడం గుర్రం రెండు కాళ్ల మీద లేచింది. నేను వెనక సంచుల గుర్రంతో నిలబడ్డాను. నిద్ర మత్తు, ఆకలి, ఎప్పుడు అయిపోతుందా అని ఒక్కటే ఆలోచన. వీళ్లు తేల్చేట్టు లేరని ముందుకొచ్చి, "సాలు పట్టు బిడ్డ, ఏంగాదు, పా" అన్నాను. అది చెవులు ఒకసారి ఆడించి, నా వెనకే తూములోకి నడిచింది. దాన్ని చూసి మిగతావన్నీ వరసగా వచ్చాయి. అవతల వెలుగులోకి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టింది నా శుక్రవారాల మీద మేకు అని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత ప్రతివారం ముందు నేనూ తెల్ల గుర్రం, వెనక వాళ్లు.

చలికాలం మధ్యలో ఛుట్టీ అడిగాను. ఇంటికి పోయి మూడేళ్లు దాటింది. నేను వచ్చేటప్పుడు నా బిడ్డ పాకుతుండేది. ఇప్పుడు వాకిలంతా ఉరుకుతోంది. ఆ ఉరకడం ఫోన్‌లో చూశాను, అంతే. కఫీల్ కాదనలేదు. కాసేపు గడ్డం నిమురుకుని భాయ్‌తో ఏదో చెప్పాడు.

"పొమ్మంటుండు భాయ్," అన్నాడు భాయ్. "కానీ తెల్ల గుర్రాన్ని తూముల నుంచి ఇంకొకలు తోలాలె. అది కాంగనే టికెట్. గుర్రం కదలకపోతే బాట బందైతది, బందు కానియ్యనని ఈయిన గుర్రాలోళ్లకు మాట ఇచ్చిండట."

ఇదెంత పని అనుకున్నాను. మరుసటి శుక్రవారం మేడం చేతికి పగ్గం ఇచ్చాను. ఆవిడ చిన్నప్పటి నుంచి గుర్రాల మీద పెరిగిన మనిషి. పద అన్నట్టు "యల్లా" అంది. గుర్రం కదల్లేదు. ముద్దుగా అరబ్బీలో ఏదో చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది. తెల్ల గుర్రం ఆవిడ మొహంలోకి మర్యాదగా చూస్తూ నిలబడింది. ఆగమంటే కూడా ఆగదని తర్వాత తెలిసింది. దానికి హో తప్ప ఇంకోటి రాదు.

భాయ్ బండికి ఆనుకుని నవ్వు ఆపుకోలేకపోయాడు. "అరె, దీనికి అరబ్బీ రాదు. నువ్వు దీన్ని కరీంనగర్ ఎద్దును జేసినవ్."

కఫీల్‌కు విషయం చెప్పారు. ఆయనకు కోపం వచ్చిందో బాధ వచ్చిందో తెలియలేదు. "నా ఇంట్లో ఉంటుంది, నా గడ్డి తింటుంది, నా మాట రాదా దీనికి?" అని భాయ్‌తో అన్నాడట. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను తల వంచుకుని నిలబడ్డాను. కోపం నాకూ ఉంది. ఎవరి మీదో తెలియదు. పని బాగా చేసినందుకు ఇంటికి పోలేని మనిషి ఇంకెవరైనా ఉంటాడా అనిపించింది.

మేడం ఒక ఉపాయం చెప్పింది. నా గొంతును ఆవిడ ఫోన్‌లో రికార్డు చేయించింది. పా బిడ్డ, హో, సాలు పట్టు, అన్నీ వరసగా. నన్ను కాస్త దూరంగా నిలబడమని, తూము ముందు ఆ ఫోన్ మోగించింది. తెల్ల గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. ఫోన్ దగ్గరికి వచ్చి మూతితో పొడిచి వాసన చూసింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్లీ ఫోన్‌ను చూసింది. ఫోన్‌లో నేను పా బిడ్డ, పా బిడ్డ అని పిలుస్తూనే ఉన్నాను. అది ఒక్క అడుగు వెయ్యలేదు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేస్తే బిడ్డ తెర నిండా మొహం పెట్టి ఏదో చెప్పి ఉరికిపోయింది. దూరంగా వాళ్ల మామను పిలవడం వినిపించింది. మా బామ్మర్ది అప్పుడు మా ఇంట్లోనే ఉండి పొలం చూసుకునేవాడు. బిడ్డను అంగడికి తిప్పేది, తినిపించేది, నిద్రపుచ్చేది అతనే. నేను మా ఆమెను అడిగాను.

"నన్ను యాది జేస్తదా?"

ఆమె "బాపేడి బిడ్డా అంటే ఫోన్ సూపెడ్తది," అంది. అని, "నువ్వు జల్ది రారాదూ," అంది.

గుర్రానికి తెలిసింది నేను తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది. గొంతు వస్తే మనిషి వచ్చినట్టు కాదు.

మరునాడే భాయ్‌ని వెంటబెట్టుకుని మేడం దగ్గరికి పోయాను. ఫోన్‌తో కాదు, మీరే నేర్చుకోవాలి, నేను నేర్పిస్తాను అన్నాను. ఆవిడ సరే అంది. బడిలో పిల్లలకు చెప్పే మనిషి కదా, చెప్పించుకోవడం కూడా బాగా వచ్చు. శుక్రవారాలే కాక పనిరోజుల సాయంత్రాలు కూడా వచ్చేది. నాకు నడుము విరిగేంత పని అయ్యాక, స్నానం చేసి పడుకునే వేళకు, పాఠం మొదలయ్యేది. కోడెను మాలిమి చేసినట్టే చేయించాను. ఆ ఖరీదైన బూట్లతో పేడా ఇసుకా కలిసిన నేల మీద, గుర్రానికి వీపు పెట్టి, అరచెయ్యి వెనక్కి చాపి కూర్చుంది. కఫీల్ అటు పోతూ ఆవిణ్ని చూసి, నన్ను చూసి, తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ మాటిమాటికీ వెనక్కి తిరిగేది. "తిరగొద్దమ్మా, సూడొద్దు," అని నేను అరిచేవాణ్ని. భాయ్ దాన్ని అరబ్బీలో మెత్తగా చేసి చెప్పేవాడు.

మాటలు ఇంకో తిప్పలు. వాళ్ల అరబ్బీలో ప అనే అక్షరమే లేదట. ఎంత చెప్పినా పా అనడం రాలేదు. "బా బిద్ద" అనేది. సాలు పట్టు అనేది "సాలు బత్తు" అయింది. నేను చెప్పీ చెప్పీ అలిసిపోయి వదిలేశాను. వినాల్సింది గుర్రం, నేను కాదు. ఒక సాయంత్రం ఆవిడ "బా బిద్ద" అనగానే తెల్ల గుర్రం కొట్టంలో నాలుగడుగులు వేసింది. మేడం అరవలేదు, ఎగరలేదు. దాని మెడ మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయింది. మర్యాదగల మనిషి అని అప్పుడే అనుకున్నాను.

తూము ముందు మాత్రం అది మళ్లీ మొండికేసేది. నేను ఎక్కడ నిలబడ్డా నా వైపు తిరిగేది. దాంతో వాళ్లు తుమ్మ నరకడం, సంచులు నింపడం అన్నీ మామూలుగానే సాగేవి, చివరికి తోలాల్సింది నేనే అయ్యేది. నా చేతుల నిండా మట్టల ముళ్ల గాట్లు. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే కూర్చోబుద్ధి కాదు. గుర్రాన్ని కూడా తిట్టాను, అబద్ధమెందుకు. నీకేం పాపం చేసిననే, నన్ను ఇంటికి పోనియ్యవా అని దాని మూతి పట్టుకుని అడిగాను. అది నా చొక్కా జేబులో ఖర్జూరం కోసం వెతికింది.

చలి తగ్గుతుండగా ఒక శుక్రవారం కఫీల్ కూడా తూము దాకా వచ్చాడు. నన్ను వెనక ఖర్జూరపు చెట్ల వరస దగ్గర నిలబడమన్నారు. మేడం పగ్గం పట్టుకుంది. పైన లారీ ఒకటి పోయింది. గుర్రం ఆగింది. నా నాలుక చివరిదాకా మాట వచ్చింది. పెదవులు గట్టిగా మూసుకున్నాను.

"బా," అంది మేడం, తన సహజమైన మెల్లని గొంతుతో. "సాలు బత్తు. బా బిద్ద."

తెల్ల గుర్రం తల వంచి, ఆవిడ వెనకే తూములోకి వెళ్లింది. నీళ్లలో డెక్కల చప్పుడు వినిపించింది. దాని వెనక మిగతావి ఒక్కొక్కటే వెళ్లాయి. తోకలు కనిపించకుండా పోయాయి. అవతల చప్పట్లు వినిపించాయి. ఇవతల నేను, భాయ్, కఫీల్ మిగిలాం.

కఫీల్ నా భుజం తట్టి, "ఖలాస్. పో, ఇంటికి పో," అన్నాడు.

నేను ఎన్ని నెలలుగానో ఎదురుచూసిన మాట అది. సంతోషం కలగలేదని కాదు. కానీ నరికి పేర్చిన మట్టల పక్కన కూలబడ్డాను.

"ఒక్కసారన్న ఎనుకకు సూడలే భాయ్," అన్నాను.

"సూస్తే నువ్వు ఇంటికి పోకపోతివి," అన్నాడు భాయ్. కాసేపటికి ఆయనా నా పక్కనే కూర్చున్నాడు. ఆయన పిల్లలు హైదరాబాద్‌లో ఉన్నారు.

టికెట్ వచ్చింది. ముహర్రక్‌లో విమానాశ్రయం దగ్గర భాయే దింపాడు. మేడం ఖర్జూరాల డబ్బా ఒకటి పంపింది. బిడ్డకు ఇవ్వమని చెప్పిందట. కంచె స్తంభాలు రోడ్డు పక్కన లేవు. ఎవరో తీసుకెళ్లిపోయారని, బాట ఇక మూయరని దారిలో భాయ్ చెప్పాడు. మంచిదే అన్నాను.

ఊరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఆటో దిగగానే మా ఆమె ఎదురొచ్చింది. బామ్మర్ది సామాను అందుకున్నాడు. అతని కాలు పట్టుకుని వెనక నిలబడి ఉంది నా బిడ్డ. ఫోన్‌లో కనిపించినదానికంటే పొడుగు. నేను చేతులు చాపి, "దా బిడ్డా, బాపును," అన్నాను. అది ఇంకా వెనక్కి జరిగింది.

"గదేంది బిడ్డా, బాపు అచ్చిండు గదా. బాపేడి, సూపెట్టు," అన్నాడు వాళ్ల మామ.

అది అటూ ఇటూ చూసి, వాళ్లమ్మ చేతిలోని ఫోన్ వైపు వేలు చూపింది.

మా ఆమె దాన్ని లాక్కొచ్చి నా ఒళ్లో వెయ్యబోయింది. నేను వద్దన్నాను. ఎవరూ ఏమనొద్దని చెప్పాను. డబ్బా విప్పి, బిడ్డకు వీపు పెట్టి గడప మీద కూర్చున్నాను. అరచేతిలో నాలుగు ఖర్జూరాలు పెట్టుకుని చెయ్యి వెనక్కి చాపాను. మూడేళ్ల తర్వాత వచ్చి వాకిలికి వీపు పెట్టి కూర్చున్న మనిషిని చూసి, పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలియదు. మా ఆమె లోపల కళ్లు తుడుచుకోవడం మాత్రం కనిపించింది. చాలాసేపు ఏమీ కాలేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. ప్రయాణం బడలికకు కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడు అరచేతిలో చిన్న వేళ్లు కదిలాయి. ఒక ఖర్జూరం పోయింది.

"గింజుంటది బిడ్డా, మెల్లగ తిను," అన్నాను. వెనక్కి మాత్రం తిరగలేదు.